ఆసుపత్రి సిబ్బందికి భద్రత శిక్షణ ఎలా ఇవ్వాలి? ఆయమ్మల దగ్గర మొదలుపెట్టండి

"మేడం, ఇన్‌స్పెక్షన్ వస్తోంది, స్టాఫ్‌కి సేఫ్టీ ట్రైనింగ్ ఇవ్వమన్నారు. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?" అంటూ నెలకు ఇద్దరు ముగ్గురు ఇన్‌ఛార్జ్ సిస్టర్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. వాళ్లవన్నీ ముప్పై నుంచి వంద పడకల ఆసుపత్రులు. శిక్షణకు ప్రత్యేకంగా మనిషి ఉండరు, హాలు ఉండదు, డబ్బు అసలే ఉండదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో ప్రొజెక్టర్ పెట్టి, అరవై స్లైడ్లతో గంటన్నరసేపు చెప్పాను. అందరూ సంతకాలు పెట్టారు, ఫొటోలు దిగాం, సమోసాలు తిన్నాం. పది రోజుల తర్వాత చెత్త సంచి ఎత్తుతుంటే ఒక ఆయమ్మకు సూది గుచ్చుకుంది. ఆవిడ పసుపు అద్దుకుని పనిలో పడింది. మాకు తెలిసేసరికి నాలుగో రోజు. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు మొదలుపెట్టే గడువు దాటిపోయింది. "ట్రైనింగ్‌కి వచ్చావు కదమ్మా?" అంటే, "వచ్చాను మేడం, ఎనక కూచున్నా. ఇంగిలీసులో చెప్పారు" అంది. ఆ రోజు నుంచి నేను హాలులో ట్రైనింగ్ ఇవ్వడం మానేశాను.

ఏమేం కావాలి

- వార్డులోనే ఒక మూల. పది మంది నిలబడితే చాలు.
- మీ ఆసుపత్రిలో చెత్త వేరుచేసి వేయడానికి వాడే పసుపు, ఎరుపు, నీలం, తెలుపు డబ్బాలే. పోస్టర్లు కాదు, అసలు డబ్బాలు.
- వాడని కొత్త సిరంజిలు, సెలైన్ సెట్, గ్లవ్స్, యూరిన్ బ్యాగ్, ఖాళీ యాంప్యూల్స్ (ఇంజక్షన్ మందు వచ్చే చిన్న గాజు గొట్టాలు), దూది. రక్తానికి బదులు బీట్‌రూట్ నీళ్లు.
- హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారక ద్రవం) సీసా, కొలత మగ్గు, బకెట్, పాత గుడ్డలు.
- మందం రబ్బరు గ్లవ్స్, ముందు భాగం మూసి ఉండే చెప్పులు.
- రీఫిల్ తేదీ దగ్గరపడిన ఫైర్ సిలిండర్. ఎలాగూ నింపించాలి కాబట్టి పంపే ముందు దాంతో ప్రాక్టీస్ చేయించవచ్చు.
- మూత ఉన్న డబ్బా ఒకటి, గుప్పెడు చింతగింజలు. ఎందుకో మొదటి మెట్టులో చెబుతాను.

హెచ్చరిక: చూపించడానికి ఒక్కసారి వాడిన వస్తువైనా తేవద్దు. "బాగా కడిగాం మేడం" అన్నా వద్దు. శిక్షణలోనే సూది గుచ్చుకున్న సంగతులు నాకు తెలుసు.

1. చెప్పే ముందు ఒక రోజు చూడండి

కాగితం పట్టుకుని రెండుసార్లు ఆసుపత్రి అంతా తిరగండి. ఒకటి పగలు. రెండోది తెల్లవారుజామున, రక్తం శాంపిళ్లు తీసే వేళ. అసలు సంగతులు అప్పుడే కనబడతాయి. సూదికి తిరిగి క్యాపు పెడుతున్నదెవరు, సూదుల డబ్బా మంచానికి ఎంత దూరంలో ఉంది, పొంగిపోతోందా, ఎర్ర సంచిలో సూదులున్నాయా, మెట్ల మీద అట్టపెట్టెలున్నాయా, తడి నేల మీద బోర్డు ఉందా. పేర్లు రాయకండి, ఎన్నిసార్లు కనబడిందో మాత్రం అంకెల్లో రాసుకోండి. ఈ కాగితం చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇక చింతగింజలు. మూతకు చిన్న రంధ్రం పెట్టిన డబ్బా, పక్కన గింజల గిన్నె ఒక మూల ఉంచి, "ఈ ఏడాదిలో మీకు ఎన్నిసార్లు సూది గానీ బ్లేడు గానీ గుచ్చుకుందో అన్ని గింజలు వేయండి, ఎవరూ చూడరు" అని చెప్పండి. చదువు రానివాళ్లూ వేస్తారు, భయపడేవాళ్లూ వేస్తారు. రెండు రోజులయ్యాక లెక్కపెట్టి, మీ యాక్సిడెంట్ రిజిస్టర్ పక్కన పెట్టి చూడండి. ఒక చోట రిజిస్టర్‌లో ఒకటే ఉంది, డబ్బాలో ముప్పై ఒకటి. యాజమాన్యాన్ని ఒప్పించడానికి ఆ గింజలే చాలాయి.

2. బ్యాచ్‌లు చేయండి

ఎనిమిది, పది మందికి మించి వద్దు. ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, హౌస్ కీపింగ్ వాళ్లు మొదటి బ్యాచ్. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు రెండోది. డాక్టర్లు మూడోది. మొదటి బ్యాచ్‌లో సూపర్‌వైజర్ ఉండకూడదు. ఆయన ఉంటే ఒక్కరూ నోరు విప్పరు.

డ్యూటీ మారే వేళ ఇరవై నిమిషాలు, వారానికి ఒకే విషయం. నైట్ డ్యూటీ వాళ్లను పగలు పిలవకండి. నిద్రమొహంతో కూర్చున్న మనిషి బుర్రకు ఏమీ ఎక్కదు. రాత్రి ఎనిమిదికి మీరే వెళ్లండి.

"హౌస్ కీపింగ్ కాంట్రాక్టర్ మనుషులు, మన బాధ్యత కాదు" అని ఎవరో అంటారు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం ఆ చెత్తను ముట్టుకునే ప్రతి మనిషికీ శిక్షణ, గ్లవ్స్ లాంటి రక్షణ సామగ్రి, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, ఏటా ఆరోగ్య పరీక్షలు చూడాల్సింది ఆసుపత్రే. శిక్షణ కూడా చేరినప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారైనా ఇవ్వాలి.

3. మొదటి వారం: సూది

వీటిని చెప్పడమే కాదు, ప్రతి ఒక్కరితో చేయించండి.

- వాడిన సూదికి క్యాపు పెట్టకూడదు, వంచకూడదు. తప్పదనుకుంటే ట్రేలో క్యాపు పడుకోబెట్టి ఒంటి చేత్తో సూదిని అందులోకి దూర్చాలి. రెండో చెయ్యి వీపు వెనక్కి పెట్టుకోమనండి, అప్పుడే అలవాటవుతుంది.
- ఎవరు వాడారో వాళ్లే పారేయాలి. "ఆయమ్మా, కాస్త తీసెయ్" అన్న మాట వార్డులో వినబడకూడదు.
- సూదుల డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఆరడుగులు నడవాల్సి వస్తే మనిషి క్యాపు పెడతాడు. అది మనిషి తప్పు కాదు, డబ్బా చోటు తప్పు.
- డబ్బా ముప్పావు వంతు నిండగానే మూసేయాలి. కుదించడం, చెయ్యి పెట్టి సర్దడం వద్దు.
- ఆపరేషన్ థియేటర్‌లో బ్లేడు, సూది చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. కిడ్నీ ట్రేలో పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. సర్జన్‌కు ఈ మాట మీరు చెప్పలేకపోతే ఎనస్తీషియా డాక్టర్ గారితో చెప్పించండి.

హౌస్ కీపింగ్ బ్యాచ్‌కు ఇంకొకటి. సంచిని అడుగున చెయ్యి వేసి ఎత్తకూడదు, ఛాతీకి ఆనించుకోకూడదు, కాలితో తొక్కి అణచకూడదు. మెడ దగ్గర పట్టుకుని ఒంటికి దూరంగా మోయాలి. పల్చటి సర్జికల్ గ్లవ్స్ సూదిని ఆపవు, మందం రబ్బరు గ్లవ్సే వేసుకోవాలి. అవి కూడా పూర్తిగా ఆపలేవని చెప్పడం మరవకండి.

4. రెండో వారం: గుచ్చుకుంటే ఏం చేయాలి

మిగతావి కుదరకపోయినా ఈ వారం మాత్రం వదలొద్దు.

మొదట: పని ఆపి, కుళాయి కింద సబ్బుతో కడగాలి. వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. హైపో, స్పిరిట్, డెట్టాల్, పసుపు ఏదీ రాయకూడదు. కంట్లో రక్తం చిందితే మామూలు నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ కొన్ని నిమిషాలు కడగాలి. కంటికి సబ్బు వద్దు.

తర్వాత: వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు మొదటి డోసు రెండు గంటల్లోపు పడితే మేలు. 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఏఆర్‌టీ కేంద్రాల్లో (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాలు) ఇది ఉచితం. అవసరమా కాదా అన్నది డాక్టర్ తేలుస్తారు, చెప్పడమే సిబ్బంది పని. ఆ సూది ఏ రోగికి వాడారో ఆయనకు రక్త పరీక్ష చేయాలంటే ఆయన ఒప్పుకోవాలి, చాటుగా చేయకూడదు.

అందరూ హెచ్‌ఐవీ అనగానే వణికిపోతారు గానీ, లెక్క వేరు. హెచ్‌ఐవీ ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యిలో మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లకు, వందలో ఆరు నుంచి ముప్పై దాకా. దీనికి టీకా ఉంది: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు, మొత్తం మూడు డోసులు. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయించి, 10 యూనిట్లు దాటిందో లేదో చూడాలి. చాలాచోట్ల మొదటి డోసుకు ఫొటో దిగుతారు, మూడో డోసు ఎవరికీ గుర్తుండదు. టీకా లేనివాళ్లకు గుచ్చుకుంటే ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజక్షన్ కూడా అవసరం కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. బ్యాచ్‌లో ఒకరి వైపు చూసి, "ఆదివారం రాత్రి రెండు గంటలు. నీకు ఇప్పుడే గుచ్చుకుంది. కానివ్వు" అనండి. మాటలతో చెప్పనివ్వకండి, నిజంగా చేయమనండి. కుళాయి దగ్గరికి వెళ్లాలి, అక్కడ సబ్బు ఉందా? ఫోన్ చేయాలి, నంబరు ఎక్కడ ఉంది? ఎత్తారా? ఫార్మసీలో మందు ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో? మీ దగ్గరి ఏఆర్‌టీ కేంద్రం రాత్రి మూసి ఉంటే ఆ ఆసుపత్రి క్యాజువాలిటీలో మొదటి డోసు ఇస్తారా అన్నది మీరు ముందే కనుక్కుని ఉండాలి. నేను ఇలా చేయించిన మొదటిసారి ఫోన్ నంబరు పనిచేయలేదు. గోడకు అంటించిన ఆ నంబరు మూడేళ్ల కిందటే ఉద్యోగం మానేసిన డాక్టర్‌ది.

5. మూడో వారం: నాలుగు రంగులు

కొత్త వస్తువులన్నీ ఒక బల్ల మీద కుప్పగా పోసి, ఒక్కొక్కరూ ఒకటి తీసి డబ్బాలో వేయాలని చెప్పండి. ఎవరైనా తప్పు వేస్తే మీరు దిద్దకండి, పక్కవాళ్లను దిద్దమనండి.

- పసుపు: రక్తం అంటిన దూది, కట్లు, పిండి కట్టు, మాస్కులు, శరీర భాగాలు, రక్తపు సంచులు, గడువు తీరిన మందులు.
- ఎరుపు: సెలైన్ సెట్లు, ప్లాస్టిక్ సెలైన్ సీసాలు, కాథెటర్లు, సూది తీసేసిన సిరంజిలు, గ్లవ్స్, ఖాళీ చేసిన యూరిన్ బ్యాగులు.
- తెలుపు, గుచ్చుకుపోని డబ్బా: సూదులు, బ్లేడ్లు, సూది ఊడని సిరంజిలు, లాన్సెట్లు, కాన్యులా లోపలి సూది.
- నీలం: గాజు వయల్స్, యాంప్యూల్స్, లోహపు ఇంప్లాంట్లు.

ఎక్కువగా తడబడేది మూడింటి దగ్గర. గ్లవ్స్‌కు రక్తం అంటింది కదా అని పసుపులో వేస్తారు, ఎరుపులో వేయాలి. రక్తపు సంచి ప్లాస్టిక్ కదా అని ఎరుపులో వేస్తారు, పసుపులో వేయాలి. గ్లవ్స్ కవర్లు, మందుల అట్టపెట్టెలు, అరటితొక్కలు ఈ నాలుగింట్లో దేనిలోనూ వేయకూడదు, అది మామూలు చెత్త. ఏ సంచినీ 48 గంటలకు మించి ఆసుపత్రిలో ఉంచకూడదు.

6. నాలుగో వారం: హైపో, చిందిన రక్తం

సీసా మీద ఎంత శాతమో చదివించండి. 5 శాతం అని ఉంటే ఒక మగ్గు హైపోకు నాలుగు మగ్గుల నీళ్లు. 10 శాతమైతే ఒకటికి తొమ్మిది. రెండింటితోనూ ఒక శాతం ద్రావణం వస్తుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. ఎండలో పెట్టిన సీసాలో బలం ఉండదు. అంచనాగా "ఒక గ్లగ్గు" పోసే అలవాటు మాన్పించడం కష్టం, అందుకే మగ్గుకు మార్కర్‌తో గీత పెట్టండి.

హెచ్చరిక: హైపోను బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కళ్లు మండి ఊపిరాడదు. "రెండూ కలిపితే ఇంకా బాగా పోతుంది మేడం" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. కొంచెం కూడా కలిపి చూపించకండి, మాటల్లోనే చెప్పండి.

నేల మీద బీట్‌రూట్ నీళ్లు పోసి చేయించండి: జనాన్ని ఆపాలి, గ్లవ్స్ వేసుకోవాలి, గాజు ముక్కలుంటే చేత్తో కాకుండా ఫోర్సెప్స్‌తో తీయాలి, గుడ్డ పరచాలి, అంచుల నుంచి మధ్యకు హైపో పోయాలి, కనీసం పది నిమిషాలు ఆగాలి (మేం ఇరవై ఆగుతాం), తీసి పసుపు సంచిలో వేసి అప్పుడు తుడవాలి. అందరూ తప్పేది ఆగడం దగ్గరే. గోడ గడియారం చూపించి నిలబెట్టండి.

7. ఐదో వారం: రోగిని ఎత్తడం

నడుం నొప్పి లేని ఆయమ్మ నాకు ఇంతవరకు కనబడలేదు. అయినా ఈ క్లాసు ఎవరూ పెట్టరు.

మంచం బ్రేకులు వేయాలి. రోగి కింద దుప్పటి ఉంచి ఆ దుప్పటినే ఇద్దరు గానీ నలుగురు గానీ పట్టుకుని జరపాలి. చంకల్లో చెయ్యి వేసి లాగకూడదు, రోగి చేతులు మన మెడకు వేయించుకోకూడదు. నడుం వంచకుండా మోకాళ్లు వంచాలి. ఒకరే లెక్కపెట్టాలి, మూడు అనగానే అందరూ కలిసి జరపాలి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు దోపుకోవాలి. డెబ్బై కిలోల వార్డు బాయ్‌ను మంచం మీద పడుకోబెట్టి చేయించండి. ఆ పది నిమిషాలు నవ్వులే నవ్వులు, కానీ బాగా గుర్తుంటుంది.

8. ఆరో వారం: గొడవలు, మంటలు

రోగి బంధువులు కోపంతో మీదికి వస్తే: చెడు వార్త ఒంటరిగా చెప్పొద్దు, తలుపుకు దగ్గరగా నిలబడండి, ఒకరే మాట్లాడండి, చెయ్యి వేయొద్దు, వాళ్ల సెల్‌ఫోన్ లాక్కోవద్దు. సహాయం పిలవడానికి అందరికీ తెలిసిన ఒక మాట పెట్టుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ 2008 నాటి చట్టం ఉంది. వైద్య సిబ్బందిపై దాడి నాన్‌బెయిలబుల్ నేరం, మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. ఫిర్యాదు దెబ్బలు తిన్న నర్సు పేరుతో కాకుండా ఆసుపత్రి పేరుతో ఇవ్వాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో యువ డాక్టర్‌పై జరిగిన హత్యాచార ఘటన తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులకు చెప్పింది కూడా ఇదే: ఆరు గంటల్లోగా సంస్థ అధిపతే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని. లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ సభ్యుల పేర్లు కూడా ఇక్కడే చెప్పండి. పది మంది పనిచేసే ఏ చోటైనా అది ఉండి తీరాలి.

మంటల గురించి: 2020 ఆగస్టులో విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి పది మంది పోయారు. అది గుర్తుచేస్తే క్లాసు దానంతటదే నిశ్శబ్దమవుతుంది. చెత్తబుట్టంత మంట అయితేనే ఆర్పాలి. బయటికి వెళ్లే దారి వీపు వెనక ఉండాలి. పిన్ను లాగి, మంట అడుగుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గొట్టం మూతిని ఒట్టి చేత్తో పట్టుకుంటే చలికి చర్మం కాలినట్టవుతుంది. నడవలేని రోగిని దుప్పటితోనే నేల మీద లాక్కుంటూ తేవచ్చు. ఆక్సిజన్ వాల్వ్‌కు నూనె, గ్రీజు రాయకూడదు. వార్డుకు ఆక్సిజన్ కట్టేసే వాల్వ్ ఎక్కడుందో, ఎవరు చెబితే కట్టేయాలో అందరికీ తెలియాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సంతకాల షీటు ముందే తిప్పడం. సంతకం కాగానే సగం మంది మనసు బస్సు మీదికి పోతుంది. చివర్లో తిప్పండి.

అన్నీ ఒకే రోజు చెప్పేయడం. ఇన్‌స్పెక్షన్ ఎల్లుండే ఉంటే పైన చెప్పిన 3వ మెట్టు, 4వ మెట్టు మాత్రం చేసి, మిగతావి తర్వాత పెట్టుకోండి. తేదీలు మార్చి రాయకండి.

సూది గుచ్చుకుందని చెప్పినవాళ్లను "చూసుకోవద్దా?" అని తిట్టడం. ఒక్కసారి తిడితే చాలు, తర్వాత ఎవరూ చెప్పరు. ఆ మాట అనేది సాధారణంగా మనమే, ఇన్‌ఛార్జ్ సిస్టర్లమే. నేనూ అన్నాను.

ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది

రాత పరీక్ష పెట్టకండి. నెల తర్వాత అదే తెల్లవారుజామున, అదే కాగితంతో మళ్లీ తిరిగి, పాత అంకెల పక్కన కొత్త అంకెలు వేయండి. దారిలో కనబడిన ముగ్గురిని ఆపి, "గుచ్చుకుంటే మొదట ఏం చేస్తావు? ఎవరికి ఫోన్ చేస్తావు? ఎన్ని గంటల్లోపు?" అని అడగండి. ముగ్గురిలో ఒకరు తడబడినా రెండో వారం క్లాసు మళ్లీ పెట్టండి. ఎర్ర సంచిని కదపకుండా పైనుంచి చూడండి, సూది కనబడితే ఆ వార్డు నర్సుల బ్యాచ్‌ను పిలవండి, ఆయమ్మలను కాదు. టీకా రిజిస్టర్‌లో మూడో డోసు గడి ఖాళీగా ఉన్న పేర్లకు గీత పెట్టండి.

రిజిస్టర్‌లో సూది గుచ్చుకున్న కేసులు మొదటి రెండు మూడు నెలలు పెరుగుతాయి. యాజమాన్యం "ట్రైనింగ్ ఇచ్చాక ఎక్కువయ్యాయేంటి?" అని అడుగుతుంది. గుచ్చుకోవడం పెరగలేదు, చెప్పడం పెరిగిందని ముందే చెప్పి ఉంచండి. ఆరు నెలలకు చింతగింజల డబ్బా మళ్లీ పెట్టండి, ఈసారి "ఈ ఆరు నెలల్లో" అని అడగండి. డబ్బాలో పన్నెండు గింజలుండి రిజిస్టర్‌లో పది పేర్లుంటే బాగా చేస్తున్నట్టే. పన్నెండు గింజలుండి రెండే పేర్లుంటే, చెప్పనివాళ్లు ఎవరికి భయపడుతున్నారో కనుక్కోండి.